పట్టు వదలని వేటగాళ్ళు

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మా చిన్నమ్మ వాళ్ళింట్లో జరిగిన సంగతితో మొదలుపెడతాను. మాది పెద్దతిప్పసముద్రం. పేరు చూసి సముద్రం ఉంటుందని ఎవరూ పరిగెత్తుకు రావద్దు, ఉన్నదల్లా చెరువే. మా వైపు పెద్ద చెరువుని సముద్రం అనడం అలవాటు. మదనపల్లెకి పోయే బస్సుల మీద పి.టి.ఎం. అని రాసుంటుంది. నా చిన్నప్పుడు చిత్తూరు జిల్లా, 2022లో అన్నమయ్య జిల్లాలో కలిపారు. అవతలికి నాలుగడుగులేస్తే కర్ణాటక. అందుకే మా ఊరి పిల్లలు కంప్యూటర్ చదువు చదివితే చాలావరకు బెంగుళూరులోనే తేలతారు, నాలాగ.

మా చిన్నమ్మ కొడుకు కూడా బెంగుళూరు కంపెనీలోనే పని చేస్తాడు, కానీ ఇంటినుంచి. నాలుగేళ్ళ కిందట బైకు మీదనుంచి పడి కుడి మణికట్టు విరిగింది. రాడ్డు వేశారు, అతికింది, కానీ చూపుడువేలూ నడిమివేలూ పూర్తిగా మడవలేడు. టైపింగు ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఆ రోజు మేడ మీద గదిలో పాత ప్లేస్టేషన్ 4 ముందు కూర్చుని ఒకే స్మశానంలో ఒకే పాస్టరు చేతిలో పదే పదే చస్తున్నాడు. ఆట పేరు బ్లడ్‌బోర్న్. పాస్టరు పేరు ఫాదర్ గాస్కోయిన్.

కాఫీ ఇవ్వడానికి వచ్చిన మా చిన్నమ్మ కాసేపు నిలబడి చూసింది. "ఏందిరా వీడు, పొద్దున్నించీ సస్తానే ఉండాడు. అంత కష్టమయితే దాంట్లో సులువుది ఉండదా?" అని నన్నడిగింది. నేను సాఫ్ట్‌వేరు కదా, నాకు తెలిసుండాలని.

ఉండదు చిన్నమ్మా, అన్నాను. ఎందుకుండదు అనేదానికి మాత్రం అక్కడ నిలబడి జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ అడిగింది చిన్న ప్రశ్న కాదు. ప్రపంచంలో ఆటలాడేవాళ్ళు పదిహేనేళ్ళుగా తల్లీపిల్లా లెక్కన తిట్టుకుంటున్న ప్రశ్న అదే. తీరిగ్గా కూర్చుని దాని చరిత్ర రాద్దామనిపించింది. ఆట తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నిస్తాను. తెలిసినవాళ్ళు కొన్ని చోట్ల ఆవులిస్తే క్షమించాలి.

ముందు కోటలూ పిశాచాలూ. కష్టమైన ఆటకీ చీకటి కోటకీ పెళ్ళి 1986లోనే అయింది. ఆ ఏడాది సెప్టెంబరులో జపాన్‌లో కొనామి కంపెనీ కాసిల్‌వేనియా విడుదల చేసింది. చేతిలో కొరడా, ఎదురుగా డ్రాకులా కోట. అందులో ఒకసారి ఎగిరాక గాలిలో దిశ మార్చుకోలేం. దెబ్బ తగిలితే మనిషి వెనక్కి పడతాడు, వెనకాల గొయ్యి ఉంటే అంతే సంగతులు. గాలిలో అలలు అలలుగా తేలుతూ వచ్చే మెడూసా తలలు సరిగ్గా మనం ఎగరబోయే చోటికే వస్తాయి. నేనీ ఆటని అప్పుడు చూడలేదు లెండి, 2003లో ఎమ్యులేటర్ మీద చూశాను. చిన్నప్పుడు మదనపల్లెలో టీవీ గేమ్ షాపులో మాకు దొరికింది అదే కొనామి వారి కాంట్రా. గంటకి ఐదు రూపాయలు. సమురాయ్, మీడియా లాంటి పేర్లతో అమ్మిన ఎనిమిది బిట్ల డబ్బాలు గుర్తున్నవాళ్ళు ఉండే ఉంటారు. కార్ట్రిడ్జు మీద తొంభై తొమ్మిది లక్షల ఆటలని ఉండేది, తిప్పి తిప్పి చూస్తే ఇరవై.

కాంట్రాలో మూడు ప్రాణాలు. గంట ఐదు రూపాయలైనప్పుడు మూడు ప్రాణాలు ఎంతసేపు? కానీ పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ అని నొక్కితే ముప్ఫై ప్రాణాలు వచ్చేవి. ఆ వరసని పెట్టినవాడు కజుహిసా హషిమొతో అనే కొనామి ప్రోగ్రామరు, 1986లో గ్రేడియస్ అనే ఆటని ఇంటి మెషీనుకి మారుస్తూ. ఎందుకు పెట్టాడయ్యా అంటే, ఆటని టెస్ట్ చేయడానికి తనకే అది కష్టమైపోయిందట! తీసేయడం మర్చిపోయారు, ప్రపంచమంతా పాకింది. 2020 ఫిబ్రవరిలో ఆయన చనిపోయినప్పుడు వార్త చదివి నాకు మదనపల్లె షాపే కళ్ళముందు మెదిలింది. ఆ కోడు మా అందరికీ వచ్చు. అది వాడి గెలిచినవాడిని నువ్వు గెలవలేదురా అని మాలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అసలు పాత ఆటలు అంత కష్టంగా ఎందుకుండేవి? మూలం నాణేలు. పెద్ద బీరువాలంత మెషీన్లలో నాణెం వేసి ఆడే రోజుల్లో ఆటగాడు త్వరగా చస్తేనే షాపువాడికి డబ్బులు. ఇంటికొచ్చిన ఆటలకి ఆ అవసరం లేకపోయినా తయారుచేసేవాళ్ళు వాళ్ళే, వాళ్ళ చేతివాటం అదే. పైగా చిన్న చిప్పులో అరగంట ఆట కన్నా పట్టదు. ఆ అరగంటని నెలరోజులు చేయాలంటే చంపడమే మార్గం. కాసిల్‌వేనియా మూడో భాగం జపాన్‌లో 1989లో ఒక రకంగా, అమెరికాలో 1990లో ఇంకాస్త కఠినంగా వచ్చింది. అమెరికాలో కార్ట్రిడ్జులు అద్దెకిచ్చే షాపులుండటం వల్ల, రెండ్రోజుల్లో అయిపోతే ఎవరూ కొనరని అలా చేశారని చెప్పుకుంటారు. అంటే ఏమిటి, కష్టం అనేది మొదట్లో కళ కాదు, వ్యాపారం.

2001లో వచ్చిన డెవిల్ మే క్రై గురించి రెండు ముక్కలు. అదీ చీకటి కోటే, అదీ కష్టమే. అందులో మొదట్లోనే మీరు పదే పదే చస్తే, పోనీ సులువు పద్ధతి తెరవమంటారా అని అడిగేది. ఆ ప్రశ్న చూసి అవమానంతో కంట్రోలరు విసిరేసినవాళ్ళున్నారు. 2005లో మూడో భాగం వచ్చినప్పుడు ఇంకో విడ్డూరం. జపాన్‌లో కష్టం అని రాసి ఉన్నదాన్నే అమెరికావాళ్ళకి మామూలు అని పేరు పెట్టి అమ్మారు. జనం గగ్గోలు పెట్టారు, 2006లో స్పెషల్ ఎడిషన్‌లో సర్దారు. ఈ మూడోదాన్ని నేను కోరమంగలలో పేయింగ్ గెస్టుగా ఉన్నప్పుడు కీబోర్డుతో ఆడాను. ఎవరి మీదైనా కోపముంటే వాళ్ళకి ఆ పీసీ వెర్షనూ ఒక కీబోర్డూ ఇవ్వండి.

ఇక అసలు కథానాయకుడి దగ్గరికి వద్దాం. మన ఐటీ వాళ్ళకి ఈ కథ బాగా నచ్చాలి, ఎందుకంటే ఆయన కూడా మనవాడే. హిదెతాకా మియజాకి. జపాన్‌లో షిజుఓకా అనే చోట పెద్దగా డబ్బుల్లేని ఇంట్లో పుట్టాడు. కెయో యూనివర్సిటీలో సామాజిక శాస్త్రం చదివి, ఒరాకిల్‌లో అకౌంట్ మేనేజరుగా చేరాడు. అవును, మన ఒరాకిలే. నెల జీతం, క్లయింటు కాల్సు. స్నేహితుడు ఆడమంటే ఇకో అనే ఆట ఆడాడు, 2001 నాటిది. దాంతో మనసు మారిపోయింది. 29 ఏళ్ళ వయసులో, జీతం బాగా తగ్గినా సరేనని, 2004లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అనే కంపెనీలో చేరాడు. ఆ వయసులో, ఆటలు తయారుచేసిన అనుభవం లేకుండా తీసుకునే కంపెనీలు చాలా తక్కువట. అన్నట్టు ఆ కంపెనీ కూడా 1986లో ఆఫీసు పనులకి పనికొచ్చే సాఫ్ట్‌వేరు రాసుకుంటూ మొదలైందే. 1994లో కింగ్స్ ఫీల్డ్ అనే చీకటి గుహల ఆటతో దారి మార్చింది.

కంపెనీలో ఒక ప్రాజెక్టు మునిగిపోతూ ఉండేది. మనందరికీ తెలిసిన రకం. రిక్వైర్మెంట్లు తేలవు, డెమో బాగుండదు, ఎవరూ దగ్గరికి రారు. మియజాకి కావాలని దాంట్లోకి దూరాడు. ఎలాగూ పోయే ప్రాజెక్టే కాబట్టి నేనేం చేసినా అడిగేవాడుండడు అనేది ఆయన లెక్క. అదే డీమన్స్ సోల్స్. 2009 ఫిబ్రవరి 5న జపాన్‌లో విడుదలైంది. మొదటి వారం అమ్మకాలు అంతంతమాత్రమే. అక్కడి పెద్ద పత్రిక ఫమిత్సు 40కి 29 ఇచ్చింది. సోనీలో పెద్ద తలకాయ షుహేయ్ యోషిదా రెండు గంటలాడి మొదటి దశ కూడా దాటలేక, ఇది పనికిరాదని తేల్చేశాడు. అమెరికాలో సోనీ దాన్ని వేయలేదు. అట్లస్ అనే వేరే కంపెనీ 2009 అక్టోబరులో వేసుకుని లాభపడింది. తర్వాత యోషిదా తనే ఒప్పుకున్నాడు, తప్పు చేశామని.

ఆ ఆటని లేపింది ప్రకటనలు కాదు, ఆడినవాళ్ళ నోటిమాట. ఆసియా మార్కెట్టు కోసం ఇంగ్లీషు అక్షరాలతో వేసిన కాపీలని హాంగ్‌కాంగ్ నుంచి తెప్పించుకుని మరీ ఆడారు. ఇక్కడ అభిప్రాయాలు రెండుగా చీలాయి, ఆ చీలిక ఇప్పటికీ అతకలేదు. ఒక వర్గం అంది, ఇన్నాళ్ళకి మమ్మల్ని పెద్దవాళ్ళలాగా చూసిన ఆట వచ్చింది, చేయిపట్టి నడిపించడం లేదు, తప్పు చేస్తే చంపుతుంది, కానీ ప్రతి చావుకీ కారణం మన దగ్గరే ఉంటుంది. రెండో వర్గం అంది, రోజంతా ఆఫీసులో చచ్చి ఇంటికొస్తే ఇక్కడా చావాలా, చేసిన తప్పుకి పావుగంట వెనక్కి నడిపించడం శిక్షే కానీ ఆట కాదు. నా మటుకు నాకు రెండూ నిజమే. సోమవారం నేను మొదటి వర్గం, శుక్రవారం రెండో వర్గం.

మియజాకి గురించి నాకు మనసుకి పట్టిన విషయాలు రెండున్నాయి. ఒకటి, చిన్నప్పుడు పుస్తకాలు కొనే స్తోమత లేక లైబ్రరీలో ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాలు తెచ్చుకునేవాడట. చదవడం సరిగ్గా రాదు. బొమ్మలు చూసి, అర్థమైన నాలుగు వాక్యాలు పట్టుకుని, మిగతా కథ తనే అల్లుకునేవాడు. ఆయన ఆటల్లో కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఒక ఉంగరం మీద రెండు లైన్లు, ఒక శవం పడి ఉన్న తీరు, అంతే. మిగతాది మనమే. తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకాల ముందు కూలబడ్డ మనలాంటివాళ్ళకి ఇదెందుకు నచ్చుతుందో వేరే చెప్పాలా. ఫిజిక్సు పుస్తకంలో బొమ్మలు చూసి నేను ఊహించుకున్న ఫిజిక్సు అసలు ఫిజిక్సు కంటే చాలా బాగుండేది.

రెండోది, మంచులో కారు. కొండ రోడ్డు మీద మంచు పడి ముందు కార్లు జారిపోతున్నాయి. ఈయన కారూ ఆగిపోయింది. వెనకకారు వచ్చి ఆనుకుని నెట్టింది, అలా ఒకరినొకరు నెట్టుకుని కొండెక్కేశారు. దిగి థాంక్స్ చెబుదామంటే ఆగితే మళ్ళీ ఇరుక్కుంటారు. ఆ నెట్టినవాడెవరో తెలియదు, మళ్ళీ కనపడలేదు. డీమన్స్ సోల్స్‌లో ముక్కూమొహం తెలియని ఆటగాడు దయ్యంలా వచ్చి సాయం చేసి మాట్లాడకుండా మాయమైపోయే పద్ధతికి మూలం ఇదేనని ఆయనే చెప్పాడు. వానల్లో మొలకలచెరువు దారిలో బురదలో దిగిన బస్సుని నెట్టి, బస్సు కదలగానే పరిగెత్తుతూ ఎక్కిన అనుభవం మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నెట్టినవాళ్ళలో సగంమంది ఆ బస్సులోవాళ్ళు కూడా కాదు.

2011లో డార్క్ సోల్స్ వచ్చింది. పీసీలో కావాలని తొంభైవేలకి పైగా సంతకాలు పెడితే 2012 ఆగస్టులో పీసీకి తెచ్చారు, అదీ నాసిరకంగా. రిజల్యూషన్ పెంచుకునే వీలే లేదు. దురాంతే అనే పేరుతో రాసే ఆస్ట్రియా ప్రోగ్రామరు విడుదలైన రోజే దాన్ని విప్పి బాగుచేసి పెట్టాడు. కంపెనీ చేయనిది ఒక్కడు ఒక్కపూటలో చేశాడంటే మనకి ఆశ్చర్యం ఏముంది, అదే పనిని కంపెనీలో చేయాలంటే మూడు మీటింగులు పడుతుంది :)

ఇప్పుడు బ్లడ్‌బోర్న్. 2015 మార్చి 24న అమెరికాలో విడుదల, ప్లేస్టేషన్ 4 మీద మాత్రమే. మన దేశంలో ఆ మెషీను 2014 జనవరిలో 39,990 రూపాయలకి వచ్చింది, ఆట ఇంకో నాలుగువేలు. కాబట్టి మనవాళ్ళలో దీన్ని మొదట్లో ఆడినవాళ్ళు తక్కువ, మాట్లాడినవాళ్ళు ఎక్కువ.

కథ ఇదీ. యార్నమ్ అనే ఊరు. ఆ ఊరి రక్తం ఎక్కించుకుంటే ఏ రోగమైనా తగ్గుతుందని దేశదేశాలనుంచి రోగులు వస్తారు. మనమూ అలా వచ్చిన రోగిమే. వచ్చేసరికి ఊరంతా కొత్త జబ్బు, మనుషులు మృగాలైపోతున్నారు. ఆ రాత్రికి మనం వేటగాళ్ళం. ఎత్తైన గోపురాలు, ఇనుప కంచెలు, వీధుల్లో గొలుసులు చుట్టిన శవపేటికలు, కిటికీల వెనకనుంచి మొహం కనపడకుండా మాట్లాడే జనం.

రోగం నయం చేసుకోడానికి నలుమూలలనుంచి జనం వచ్చే ఊరు అనగానే నాకు ఆరోగ్యవరం గుర్తొచ్చింది. మదనపల్లె పక్కనే. 1912లో మిషనరీలు మదనపల్లెలో క్షయ శానిటోరియం మొదలుపెట్టి, 1915లో ఆరోగ్యవరానికి మార్చారు. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపాడు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో, అది రోగిదాకా వచ్చేది ఆ తర్వాత కదా. అప్పటిదాకా మందంటే మంచి గాలి, తిండి, విశ్రాంతి. ఆ గాలి కోసమే వచ్చేవాళ్ళు. మా అవ్వ కాలంలో ఆ పేరు చెబితేనే గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళట, దేవుడున్న చోటని కొంత, జబ్బున్న చోటని కొంత. యార్నమ్ వీధుల్లో ఆ తగ్గిన గొంతే నాకు వినిపించింది. ఆరోగ్యవరంలో నిజంగా మంచి జరిగింది, మనుషులు బతికారు, అది వేరే విషయం. భయమూ ఆశా ఒకే గేటు దగ్గర నిలబడటం మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆడినవాళ్ళు దీని గురించి ఏమన్నారు? మొదటి గొడవ డాలు. డార్క్ సోల్స్‌లో డాలు అడ్డంపెట్టి మెల్లగా నడవడం అలవాటైనవాళ్ళని మియజాకి ఇక్కడ బట్టలూడదీసి నిలబెట్టాడు. ఎడమచేతిలో డాలు బదులు తుపాకి. వెతగ్గా వెతగ్గా ఒక చెక్క డాలు దొరుకుతుంది, దాని మీద రాసిన మాటలు డాలు పట్టుకునేవాణ్ణి వెక్కిరిస్తాయి. దెబ్బ తిన్న వెంటనే తిరిగి కొడితే పోయిన ప్రాణం కొంత వెనక్కి వస్తుంది. అంటే ఆట మనల్ని పారిపోవద్దు, మీదికి పో అంటుంది. దీన్ని ఆడేవాళ్ళలో పెద్ద వర్గం నెత్తిన పెట్టుకుంది. నెమ్మదిగా ఆలోచించి ఆడేవాళ్ళు మాత్రం మా ఆటని మానుంచి లాక్కున్నారని బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, నేను డాలు బాపతు.

రెండో ఫిర్యాదు రక్తం సీసాలు. డార్క్ సోల్స్‌లో మందు, చలిమంట దగ్గర కూర్చుంటే దానంతటదే నిండేది. ఇక్కడ వాడితే అయిపోతుంది, మళ్ళీ కొనాలి లేదా తిరిగి సంపాదించాలి. బాస్ దగ్గర ఎక్కువ చచ్చేవాడికే ఎక్కువ సీసాలు కావాలి, వాడి దగ్గరే ఉండవు. బాగా ఆడేవాడి దగ్గర గుట్టలుగా ఉంటాయి. ఇది నాకు ఏమాత్రం నచ్చని డిజైన్. కష్టం వేరు, కూలిపని వేరు. అప్పున్నవాడికి వడ్డీ పెంచే పద్ధతి ఇది.

మూడోది లోడింగు. మొదట్లో చచ్చిన ప్రతిసారీ దాదాపు 40 సెకన్లు నల్లటి తెర మీద ఆట పేరు చూస్తూ కూర్చోవాలి. ముప్ఫైసార్లు చస్తే ఇరవై నిమిషాలు ఆట పేరు చదవడమే. నెలరోజుల తర్వాత పాచ్ ఇచ్చి తగ్గించారు. ఆట కష్టం గురించి తిట్టినవాళ్ళలో చాలామంది నిజంగా తిట్టింది ఈ ఎదురుచూపునే అని నా అనుమానం.

ఇక నాలుగోది, మనవాళ్ళు తప్పక వినాల్సింది. ఆటని మూయకుండా 12 గంటలు దాటి నడుస్తూ ఉండనిస్తే కొందరు బాస్‌లు తమ దాడుల్లో కొన్నిటిని మర్చిపోయేవారు! నిలబడి దిక్కులు చూసేవారు. మెమరీ లీక్ అని తేల్చారు. సోనీ సరిగ్గా ఆ వారంలోనే, మార్చి 26న, మెషీనుని ఆట మధ్యలో నిద్రపుచ్చి మళ్ళీ లేపే సౌకర్యం ఇచ్చింది. జనం ఆట మూయడం మానేశారు, లీకు పెరిగింది. తెలియకుండానే కొందరు సులువుగా గెలిచారు. తర్వాత విషయం బయటపడ్డాక వాళ్ళు చేసిన పని చూడండి, కొందరు ఆట మూసి, తెరిచి, మళ్ళీ అదే దశకి మొదటినుంచి వచ్చి ఆ బాస్‌ని సక్రమంగా చంపారు. ఎవరూ చూడట్లేదు, ఎవరూ అడగలేదు. కాంట్రాలో ముప్ఫై ప్రాణాలతో గెలిచి ఐస్ తిని ఇంటికిపోయిన మేమెక్కడ, వీళ్ళెక్కడ!

మధ్యలో ఏమైంది? నాకు తోచింది చెబుతాను. మా కాలంలో ఆట గెలవడం పక్కనున్న నలుగురికి కనపడితే చాలు. తర్వాత్తర్వాత ఆట గెలవడం మనిషి ఎలాంటివాడో చెప్పే సర్టిఫికెట్ అయింది. సర్టిఫికెట్ అయినప్పుడు పక్కవాడికి సులువుగా దొరికితే మన దానికి విలువ పోతుందనే భయం మొదలవుతుంది. ఇంజనీరింగు కాలేజీలు పెరిగినప్పుడు పాత ఇంజనీర్లు మాట్లాడిన మాటలు వినే ఉంటారు కదా. 2019 మార్చిలో అదే కంపెనీ సెకిరో విడుదల చేసినప్పుడు ఈ భయం బాగా బయటపడింది. అందులో తోడు పిలుచుకునే వీలు కూడా లేదు. సులువు పద్ధతి పెట్టండి అని కొందరు, పెడితే అది సెకిరోనే కాదని కొందరు. అంతకుముందు 2018లో సెలెస్ట్ అనే కొండెక్కే ఆట వేగం తగ్గించుకోడం, దెబ్బ తగలకుండా చేసుకోడం లాంటివన్నీ ఆటగాడి చేతికే ఇచ్చి, ఆట పరువు ఏమీ పోలేదని చూపించింది. అయినా తగువు తెగలేదు. ఆ డిసెంబరులో సెకిరోకే ఆ ఏటి మేటి ఆట బహుమతి వచ్చింది.

విచిత్రం ఏమిటంటే ఈ కష్టమంతా పెట్టినవాడు, తను ఆటల్లో పెద్ద నేర్పరిని కాదని, తనూ చాలాసార్లు చస్తానని 2022లో చెప్పుకున్నాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 25న వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో కష్టం తగ్గించకుండానే దారులు పెంచాడు. ఒకచోట ఓడిపోతే ఇంకోవైపు పో, బలం పెంచుకో, ఆత్మల్ని పిలుచుకో. మొదటి మూడు వారాల్లోనే కోటీ ఇరవై లక్షల కాపీలు పోయాయి. అందులో మలేనియా అనే బాస్ దగ్గర జనం కుప్పలుగా చస్తుంటే, తల మీద కుండ పెట్టుకుని, ఒంటి మీద గోచీ తప్ప ఏమీలేని ఒక ఆటగాడు, నన్ను ఒక్కణ్ణే కొట్టనివ్వండి అనే అర్థం వచ్చే పేరుతో, పిలిచిన ప్రతివాళ్ళ దగ్గరికీ పోయి ఆమెని చంపిపెట్టాడు. కంపెనీవాళ్ళు పిలిచి కత్తి బహుమానంగా పంపారు. మంచులో కారు నెట్టినవాడు చివరికి దొరికాడన్నమాట.

సరే, బ్లడ్‌బోర్న్ సంగతి అక్కడే ఉంది. 2015 సెప్టెంబరుకి 20 లక్షలు అమ్ముడయినా పీసీకి రాలేదు, సెకనుకి 30 ఫ్రేములు దాటలేదు. ఆట తయారీలో చేయి ఉన్న సోనీ జపాన్ స్టూడియో 2021లో మూతపడింది. అదే ఏడాది లాన్స్ మెక్‌డొనాల్డ్ అనే మాడరు 60 ఫ్రేములకి పాచ్ చేసి బయటపెట్టాడు. 2025లో సోనీ తరఫున కాపీరైటు నోటీసు వచ్చి దాన్ని తీసేయాల్సొచ్చింది. తను బాగుచేయదు, చేసినవాణ్ణి ఉండనివ్వదు. ఈలోగా 2024లో షాడ్‌పీఎస్4 అనే ఎమ్యులేటర్‌తో జనం పీసీలో నడిపించేసుకున్నారు. కష్టమైన ఆటని ఇష్టపడేవాళ్ళు ఇలాంటి కష్టాలకి తగ్గుతారా.

మళ్ళీ మేడ మీద గదికి. చిన్నమ్మ ప్రశ్న నేను మా తమ్ముడినే అడిగాను. చేయి అలా ఉంది కదా, సులువు పద్ధతి ఉంటే ఆడతావా అని. వాడు కాసేపు ఆలోచించి అన్నాడు. "సులువుది నాకొద్దన్నా. వాడు కొట్టేది కొట్టనీ. నేను కొట్టేకి వేలు రాకపోతే అది వాడి తప్పు కాదు, నా తప్పూ కాదు. నాకు బటన్లు మార్చుకోనిస్తే సాలు. ఇంకోటి, మా అమ్మ పిలిస్తే ఆపుకోనిస్తే సాలు."

బ్లడ్‌బోర్న్‌లో ఆపడం లేదు. ఇంట్లో ఎవరైనా తలుపు కొట్టినా, ప్రొడక్షన్ డౌన్ అని ఫోనొచ్చినా మృగం మీద పడుతూనే ఉంటుంది. కష్టానికీ దీనికీ ఏం సంబంధం? కష్టం సమర్థించేవాళ్ళ వాదనల్లో నేను చాలావాటికి తలూపుతాను కానీ, ఆపుకునే బటన్ లేకపోవడాన్ని కూడా కళ అంటే ఊపను. పసిపిల్లలున్నవాళ్ళూ, మంచంపట్టిన తల్లిదండ్రులున్నవాళ్ళూ, మా తమ్ముడి లాంటివాళ్ళూ అడుగుతున్నది తక్కువ దెబ్బలు కాదు. అడిగింది ఒకటి, జవాబిస్తున్నది ఇంకోదానికి. సపోర్టు టికెట్లలో మనం రోజూ చేసే పనే.

బటన్ల సంగతి మాత్రం నాకు తెలుసు. పైన చెప్పిన మార్చి 26 అప్‌డేట్‌లోనే సోనీ ఇంకో పని చేసింది. మెషీను సెట్టింగులలో యాక్సెసిబిలిటీ కింద ఏ బటన్ పనిని ఏ బటన్‌కైనా మార్చుకునే వీలు పెట్టింది. ఆటకి తెలియకుండానే అన్ని ఆటలకీ పనిచేస్తుంది. మా వాడికి నాలుగేళ్ళుగా ఇది తెలియదు. కుడివైపు పైన ఉండే ఆర్1 మీద కొట్టడం వాడి చూపుడువేలుకి అయ్యే పని కాదు. దాన్ని బొటనవేలికి అందే చతురస్రం బటన్‌కి మార్చాం, సీసా తాగడం అదీ ఇటు సర్దాం. పండగ రోజు మధ్యాహ్నం అరిసెలు తింటూ చేసిన పని, పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత నా ముందే ఇంకో ఏడుసార్లు చచ్చాడు, కానీ చావుల రకం మారింది. గాస్కోయిన్ మృగంగా మారేదాకా పోయాడు. అంతకుముందు అదసలు చూడలేదు.

చిన్నమ్మ మళ్ళీ వచ్చి చూసి, "ఇంకా సస్తానే ఉండాడే" అంది. విక్రమార్కుడు కూడా అంతే కదా చిన్నమ్మా, నోరు తెరిచిన ప్రతిసారీ శవం చెట్టెక్కేది, మళ్ళీ పోయి దించుకొచ్చేవాడు కదా అన్నాను. చందమామ చదివి పెరిగిన మనిషి. "ఆయప్పకి రాజ్యం ఉండాది, వీడికి పొద్దున ఆఫీసుండాది" అని ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని దిగిపోయింది.

నేను బెంగుళూరు వచ్చేసిన మూడో రాత్రి ఒంటిగంటకి వాడి మెసేజి. "అన్నా, అయిపాయ." వెంటనే ఫోన్ చేశాను. నిద్రపోతున్న ఇంట్లో గుసగుసగా, సమాధిరాళ్ళ వెనక ఎలా తిరిగిందీ, ఊళ్ళో పాపిచ్చిన సంగీతపెట్టె ఎప్పుడు వాయించిందీ, చివర్లో తుపాకి ఎలా తగిలిందీ అంతా చెప్పాడు. తర్వాత కాసేపాగి, రక్తం సీసాలు ఒక్కటీ మిగల్లేదన్నా, రేపటినుంచి అవి సంపాదించే పనే అన్నాడు.